వెయ్యని వేలిముద్ర

ఊరూరా కంటి పరీక్ష యంత్రాలు వచ్చేశాక, కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రీ నాలుగేళ్లు చదివిన హైమావతికి చీరాలలోని ఓ కంటి పరీక్షా కేంద్రంలో దొరికిన ఉద్యోగం, యంత్రం చెప్పినదానికి వేలిముద్ర వేయడమే. ఆ రోజు మగ్గం నేసే తులశమ్మ కళ్లు బాగున్నాయని యంత్రం తేల్చింది.

"పక్కన మనిషొచ్చినా కనపడట్లేదమ్మా," అందామె.

హైమావతి ఎదుట కూర్చుని, తన వేలిని పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చింది. కంటికి ఎదురుగా వచ్చేదాకా అది తులశమ్మకు కనపడలేదు.

"ముద్రెయ్యండి, బయట జనం ఉన్నారు," అన్నాడు కేంద్రం మేనేజరు.

"ఈవిడకి చూపు పోతోంది. నేను వెయ్యను."

"మిషన్ కంటే మీకెక్కువ తెలుసా?"

"తెలుసు. దానికే కదండీ నాలుగేళ్లు చదివింది." హైమావతి పెద్దాసుపత్రికి చీటీ రాసి, తన ఫోన్ నంబరు వేసి తులశమ్మకిచ్చింది.

వారానికి అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు. "సమయానికి పంపారమ్మా. చేత్తో పరీక్షించేవాళ్లు ఇంకా ఉన్నారా?"

"ఉండేదాన్నండి," అంది హైమావతి పళ్లు బిగించి. "చీటీ రాసిన మర్నాడే నన్ను తీసేశారు."