సరిపోలేదు

కిడ్నీ ఇచ్చేవాళ్ళతో ఆ ఆసుపత్రిలో ఒక గదిలో ఒంటరిగా మాట్లాడతారు. తలుపు వేసి, ఫోను బయట పెట్టించి.

"ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి" అంది కౌన్సెలర్. "మీవాళ్ళకు మాత్రం సరిపోలేదనే చెబుతాం. అసలు సంగతి ఈ గది దాటదు."

"నా పెళ్ళానికి నేనివ్వకపోతే ఎవరిస్తారమ్మా?" అన్నాడు వెల్డరు. సంతకం పెట్టాడు.

బయట బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. నీరు పట్టిన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. పక్కన ఆమె అక్క. అక్కకు షుగరు, ఇవ్వడానికి పనికిరాదు. ఇంకెవరూ లేరు.

"ఇక నీలో నా ముక్క ఒకటి ఉంటుంది" అని నవ్వాడు. "ఎక్కడికి పోతావో చూస్తా."

ఆమె నవ్వలేదు.

ఆమెను చూసుకోవడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. డాక్టరు రోజుకు అర లీటరు నీళ్ళే అన్నాడు. అతను సీసా మీద గీతలు గీశాడు. వంటింటికి తాళం వేసి పనికి వెళ్ళేవాడు. ఒక్క గుక్క అంటే, "గీత చూడు" అనేవాడు. ఎలా ఉందని నర్సు ఆమెను అడిగితే జవాబు తనే చెప్పేవాడు.

ఆ వారమే ఆమెనూ ఏవో పరీక్షలకు పిలిచారు. ఆ ఒక్కసారి అతన్ని లోపలికి రానివ్వలేదు.

ఫలితం వచ్చింది. సరిపోలేదు.

డయాలసిస్ బెంచీల మీద ఆ గది సంగతి తెలియనివాళ్ళు లేరు.

"ఇనుప ముక్కలు ఇట్టే అతికిస్తావు కదయ్యా మరిదీ" అంది వదిన, అందరూ వింటుండగా. "నీ ముక్కే అతకలేదా?"

"నేను ఒప్పుకున్నాను వదినా. ఒట్టు."

"చూడొచ్చామా?"

అతను భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే."

ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మళ్ళీ పరీక్ష చేయమని అతను డాక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. చేయలేదు. నాలుగు నెలలకు ఆమె పోయింది. శవం దగ్గర అతన్ని ఎవరూ పలకరించలేదు. వీధిలో పిల్లలు కూడా పిరికోడు అనడం మొదలుపెట్టారు.

ఆ పేరు చెరుపుకోవాలని రికార్డు గదికి వెళ్ళాడు. చనిపోయినవాళ్ళ ఫైలు నకలు భర్తకు ఇస్తారు. గుమాస్తా చూసుకోకుండా కట్ట మొత్తం జిరాక్సు తీశాడు, మడిచి పిన్ను కొట్టిన ఆఖరి కాగితాన్ని కూడా విప్పి.

అతను ఆ కాగితంలో మొదటి వాక్యం చూశాడు. దానికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిన్నగా వదిన గుమ్మం ముందుకు వెళ్ళి, ఇరుగుపొరుగును పిలిచాడు.

"గట్టిగా చదువు. అందరూ వినాలి."

"దాత కిడ్నీ సరిపోయింది, దాత ఒప్పుకున్నాడు" అని చదివింది వదిన.

అతను తలెత్తి అందరినీ ఒకసారి చూశాడు.

"ఆయన కిడ్నీ ఒంట్లో పెట్టుకుని బతకడం కన్నా చావే నయమని, ఆయనకు మాత్రం సరిపోలేదని చెప్పమని రోగి కోరింది" అని చదివింది వదిన, గొంతు తగ్గించకుండా.