అవ్వ నేసిన చప్పుడు

“మగ్గం అమ్మొద్దమ్మా!” నల్గొండ నుంచి వచ్చిన రోజారమణి మగ్గానికి అడ్డంగా నిలబడింది. “చిన్నప్పుడు అవ్వ పాట ఎత్తుకొని దబదబ నేస్తుంటే నేను చప్పట్లు కొడుతుంటి. గా చప్పుడు యాదికొస్తెనే పాణం లేచొస్తది.”

తాళ్లు విప్పుతున్న తల్లి చేయి ఆగింది.

“మీ బాపు నన్ను అర్రల ఏసి తలుపు పెట్టి కొట్టినప్పుడే అవ్వ గంత గట్టిగ నేసేది బిడ్డా. నా ఏడుపు వాడకట్టుకు ఇనపడొద్దని.”

రోజారమణి గడప మీద కూర్చున్న అవ్వ వైపు తిరిగింది. “కాదని చెప్పవ్వా!”

“ఇంటి ఇజ్జత్ కాపాడుకోవాలె కద బిడ్డా,” అంది అవ్వ, మురిపెంగా. “నీ చప్పట్లు గూడ తోడైతే ఎవలకేం ఇనపడకపోతుండె.”

రోజారమణి తన అరచేతుల వంక చూసుకుంది. ఆ చేతులతోనే వంగి, తాడు ముడి విప్పసాగింది.