వట్టివేరు వరుసలు

గోదావరి గట్లన్నింటి మీదా ఏటి కోతను లెక్కగట్టి మాట్లాడే స్తంభాలు పాతిన పన్నెండో ఏడు, వరదకు ముందు, సత్యవేణి గట్టు మీది స్తంభం ఆదేశం చదివింది.

“ఈ ఒడ్డు కోతకు లొంగనందున నది అవతలి ఒడ్డును కోస్తున్నది. మూడు వరుసల వట్టివేరు తొలగించవలెను. లేనిచో పట్టా రద్దగును.”

ఆ వరుసలను సత్యవేణి పదేళ్లుగా పెంచుతోంది. అవి తీసేస్తే తొలి వరదకే ఆమె అరటితోట, ఆ వెనుక ఇల్లు ఏటిపాలవుతాయి.

తనిఖీకి వచ్చిన అధికారిణి ప్రసూన పడవ దిగి బురదలో నిలబడింది.

“నా చేతుల్లో ఏం లేదు మామ్మగారూ. లెక్కంతా స్తంభానిదేనండి.”

“అవతల రెల్లూ జమ్మూ పీకించి రొయ్యల చెరువులు తవ్వించిందెవరమ్మా? అది దానికి కనపళ్ళేదా?”

“ఇప్పుడున్న వేర్లనే చూస్తుందండి. పీకేసినవి చూడదు.”

“నీకు కళ్ళున్నాయిగా?”

ప్రసూన అవతలి ఒడ్డు వైపు చూసింది. సత్యవేణి నిట్టూర్చి గునపం అందుకుంది. ఒక్కొక్క దుబ్బునూ రెండుగా చీల్చి, సగం నేలలోనే ఉంచి, సగం వేర్లతో సహా ప్రసూన వచ్చిన పడవలో పేర్చింది. పడవ నిండేసరికి ఆమె నడుము వంగిపోయింది.

“వీటిని అవతల నాటించు. ఎవరు నాటనన్నారో పేరు రాసుకో.”

“మరి ఆదేశం పాటించారని రాయనా అండీ?”

“పాటించలేదని రాయి. గట్టు లేనివాళ్ళకి గట్టు పంచానని రాయి. కింద నేను సంతకం పెడతాను.”

ప్రసూన ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి, ముందుగా తన సంతకం పెట్టింది.