తోడొచ్చినవాడు

"బంధువులు బయటే ఉండాలి," అన్నాడు ప్యూను తలుపుకి అడ్డంగా నిలబడి.

పెద్దావిడ ఆగిపోయింది. ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన యువకుడు మాత్రం ఆగలేదు.

"సార్‌తో ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను."

"అందరూ ఒక్క మాటే అంటారు. లోపలికెళ్ళాక రామాయణం మొదలెడతారు."

లోపల విచారణ జరుగుతోంది. రేవులోకి వచ్చే ఓడకి దారి చూపే పైలట్‌ని ఎక్కించడానికి ఒక చిన్న బోటు వెళ్ళింది. ఆ ఓడే దాన్ని గుద్దేసింది. బోటు నడిపే డ్రైవరు, ఈ పెద్దావిడ కొడుకు, శవమై తేలాడు.

పైలట్ బతికాడు గానీ సాక్ష్యానికి పనికిరాలేదు.

"తాడు నిచ్చెన ఎక్కుతున్నానండీ. మొహం ముందు ఇనప గోడ తప్ప ఏం కనిపిస్తుంది?" అన్నాడు.

ఓడ కెప్టెన్‌కి మాత్రం అన్నీ కనిపించాయి.

"పక్కకి తప్పుకోవాల్సినవాడు మా ముందుకొచ్చాడు. నిద్రమత్తులో ఉండుంటాడు, పాపం."

చుక్కాని పట్టిన నావికుడంటూ ఒకతన్ని వెంట తెచ్చాడు. ఇస్త్రీ యూనిఫాంలో ఉన్న అతనూ అదే ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా!

విచారణ అధికారి చెడ్డవాడేం కాదు. తొందర మనిషి, అంతే. భోజనానికని బయటికొస్తుంటే పెద్దావిడ ఎదురొచ్చింది.

"బాబూ, నా కొడుకు డ్యూటీలో నిద్రపోయాడంటున్నారు. పోయినవాణ్ణి ఎలాగూ తేలేరు. ఆ నింద మాత్రం వాడి మీద వెయ్యకండి."

"చూస్తామమ్మా."

యువకుడు ముందుకొచ్చాడు. "బోటు తప్పు కాదు సార్. ఓడే ఉన్నట్టుండి అటు తిరిగింది."

"నువ్వు చూశావా?"

"చూశాను సార్."

"ఒడ్డు మీద నుంచా? అంత దూరం కనిపించిందా?"

అతను పెద్దావిడ వంక చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మ లేని చోట చెప్తాను సార్. మీకొక్కరికే."

అధికారికి ఒళ్ళు మండింది. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు! అన్న పోయి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే ఆ ఉద్యోగం మీద కన్ను. అదీ కన్నతల్లికి తెలియకుండా!

"ఉద్యోగాల సంగతి వెల్ఫేర్ ఆఫీసులో మాట్లాడుకో."

"అది కాదు సార్..."

"పోవయ్యా! మళ్ళీ కనిపించావంటే గెంటిస్తాను."

మర్నాడూ వచ్చాడు. ప్యూను గేటు దగ్గరే ఆపేశాడు. ఆ తర్వాత కూడా వచ్చాడు. కారు అద్దంలోంచి అధికారి చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

తీర్పు వచ్చేసింది. తప్పు బోటు డ్రైవరుదే. అన్నాళ్ళూ రేవులో ఆపి ఉంచిన ఓడని వదిలేశారు.

తప్పు చేసినవాడి కుటుంబానికి క్వార్టరు ఉంచరు. పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తోందని తెలిసి అధికారికి మనసు ఉండబట్టలేదు. వెళ్ళి చూస్తే ఆమె ఒక్కతే గుమ్మంలో కూర్చుని గిన్నెలు మూట కడుతోంది.

"ఒక్కరే సర్దుకుంటున్నారా? మీ చిన్నబ్బాయేడీ?"

"నాకు చిన్నబ్బాయెక్కడ బాబూ? ఉన్నది ఒక్కడే. వాడూ పోయాడు."

"మరి మీతో వచ్చినతను?"

"నాకూ తెలీదు. ఆసుపత్రిలో శవం ఇచ్చేటప్పుడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అమ్మా అన్నాడు. నా కొడుకు తప్పు లేదని మీతో చెప్తానంటే, వెంటబెట్టుకొచ్చాను."

అధికారి వీధి వైపు తిరిగి చూశాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఓడతోనే వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందొచ్చి నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు."

ఆమె మూట ముడి బిగించి, అతని మొహంలోకి చూసింది.

"ఆ రోజు కెప్టెన్ తిప్పమన్న వైపు చుక్కాని తిప్పింది తనేనట బాబూ."