స్వామివారి షుగరు

"ఇవాళ ఇది స్వామివారి భిక్షాపాత్రలో పడ్డానికి వీల్లేదు, పెద్దమ్మా," అంటూ ఒరతాయ్ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

పళ్లెంలో గుడ్డుసొనని పాకంలో సన్నగా ధారపోసి తీసిన తీగలు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. పక్కనే అరిటాకు పొట్లంలో కొబ్బరిపాలు, తాటిబెల్లం పోసి వండిన జిగురన్నం. డెబ్బై రెండేళ్ల లమై చీకటితోనే లేచి చేసినవి. థాయిలాండులోని పెచ్చబురిలో ఆ వీధి మొత్తం మీద ఆవిడంత బాగా పాకం పట్టేవాళ్లు లేరు.

"చెయ్యి తియ్యవే. స్వామివారు వంతెన దాటేశారు," అంది లమై.

ఒరతాయ్ తియ్యలేదు. ఆమె ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త. బీపీ మిషను సంచి ఇంకా భుజానే ఉంది.

"ఆయనకి షుగరు మూడొందలు దాటింది. కాలివేలి మీద పుండు మూడు నెలలైనా మానలేదు. ఇలాగే ఉంటే వేలు తీసేయాలన్నారు డాక్టరుగారు."

"నా ఒక్కదాని పళ్లెంతోనే వచ్చిందా షుగరు? ఆ చివరింటి కానిస్టేబుల్ పెళ్లాం రోజూ నూనె కారే పంది వేపుడు వేస్తుంది. ఆవిణ్ణి అడగవేం?"

"అడిగాను. ఉడికించిన చేపకి ఒప్పుకుంది. వీధిలో ఇక మిగిలింది నువ్వే."

"పడకపోతే స్వామివారే తినడం మానెయ్యొచ్చుగా."

"పెట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుందని అందరిదీ తలా ఓ ముద్ద తింటారాయన. నీదైతే మొత్తం తింటారు. అంత బాగా చేస్తావు మరి."

లమై మొహంలో కొంచెం గర్వం కనిపించింది. అదే అదనుగా ఒరతాయ్ శిక్షణలో నేర్చుకున్నదంతా ఏకరువు పెట్టింది.

"అరటిపువ్వు కోసి గాలికి వదిలేస్తే నల్లబడుతుందా లేదా? నిమ్మరసం పిండితే నల్లబడదు. ఒంట్లోనూ అంతే పెద్దమ్మా. తీపి, వేపుడు ఎక్కువైతే ఫ్రీ రాడికల్స్ అని లోపల పుడతాయి. దొరికినచోటల్లా కొరుకుతాయి. వాటి నోరు మూయించేవి యాంటీ ఆక్సిడెంట్లు. కాకరకాయలో, మునగాకులో, జామపండులో ఉంటాయి."

"అయితే స్వామివారి నెత్తిన నిమ్మకాయ పిండుదామంటావా?"

"వేళాకోళం కాదు. నువ్వు చూడు, షుగరున్నా తీపి జోలికి పోవు. పథ్యం అంటే నీదే అని జిల్లా మీటింగులో కూడా చెప్పాను. నువ్వు ముట్టనిది ఆయనకెందుకు పెట్టడం?"

లమై అరిటాకు పొట్లం ముడి బిగించింది.

"మా ఆయనకి ఇష్టమే," అంది. "పోయినవాళ్లకి ఇష్టమైంది భిక్షలో పెడితే వాళ్లకి అందుతుంది. ఆయన నోటి దగ్గరిది లాక్కోమంటావా?"

ఒరతాయ్ చెయ్యి తీసేసింది.

ఊరి బౌద్ధ మఠంలో పెద్ద భిక్షువైన స్వామివారు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. లమై చెప్పులు విడిచి, తీగలూ అన్నం పొట్లమూ పాత్రలో వేసి, కింద కూర్చుని తల వంచి చేతులు జోడించింది. ఆయన దీవెన చదువుతున్నంతసేపూ ఆవిడ కళ్ల ముందు ఆయన పాదమే ఉంది. చెప్పుల్లేని పాదం. బొటనవేలి కట్టుకి దారిలోని బురద అంటుకుంది. కట్టు అంచున నెత్తురు తడి. ఆయన వెళ్లిపోయాక కూడా లమై వెంటనే లేవలేదు.

సాయంత్రం ఒరతాయ్ మళ్లీ వచ్చింది. దారి పొడుగునా ఆలోచించుకున్న మాట తడబడకుండా చెప్పేసింది.

"మధ్యాహ్నం కునుకు పట్టింది పెద్దమ్మా. పెదనాన్న కల్లోకొచ్చాడు. తీపి తినీ తినీ మొహం మొత్తిందట. కాకరకాయ పులుసు పంపమని చెప్పమన్నాడు."

"కాకరకాయే అడిగాడా?"

"కాకరకాయే."

"నీ కల్లోకొచ్చి చెప్పాడా? నా కల్లోకి రాకుండా?"

"నువ్వు బెంగపడతావని కాబోలు."

లమై ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే. ఆయనే అడిగాక కాదంటానా?" అంది.

మర్నాటి నుంచి పాత్రలో కాకరకాయ పులుసు, దంపుడు బియ్యం అన్నం, మునగాకు కూర, రెండు జామపళ్లు పడ్డాయి. పాకం మూకుడు అటక ఎక్కింది. నాలుగు నెలలకి భిక్షువు షుగరు నూట యాభైకి దిగింది. పుండు మానింది. కట్టు లేని కాలితో ఆయన వంతెన దాటి వస్తుంటే ఒరతాయ్‌కి కళ్లు చెమర్చాయి. దాంతోపాటు గుండెలో ముల్లు కూడా కలుక్కుమంది. చచ్చిపోయిన మనిషి పేరు మీద అబద్ధమాడింది మరి.

ఆ రోజే వెళ్లి లమై పక్కన కూర్చుంది. ఆవిడ మర్నాటి పులుసుకి కాకరకాయల్లోంచి గింజలు తీస్తోంది.

"పెద్దమ్మా, ఆ కల నాకు రాలేదు. నేనే కల్పించాను. తిట్టాలనుంటే తిట్టు."

"తెలుసులేవే," అంది లమై తలెత్తకుండా. "నీ కల్లోకొచ్చినా ఆయన తీపి మొహం మొత్తిందని అనడు. బతికున్నన్నాళ్లూ తీపి చూస్తేనే మొహం తిప్పుకున్న మనిషి."

ఒరతాయ్ తెల్లబోయింది. "మరి ఇన్నేళ్లూ ఆ పాకం తీగలు ఎవరికోసం?"

"నాకోసమే. ఈ జన్మలో ఏది దానం చేస్తే వచ్చే జన్మలో అది మన పళ్లెంలోకి వస్తుందంటారుగా. నువ్వు చూస్తే పదకొండేళ్లుగా ఒక్క తీగ నోట్లో వేసుకోనివ్వలేదు. అక్కడైనా కడుపు నిండా తిందామని దాచుకుంటున్నాను." లమై తరిగిన ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసి నిట్టూర్చింది. "ఇప్పుడు నీ పుణ్యమా అని వచ్చే జన్మలో కూడా నాకు కాకరకాయే."