ఓవెన్ అడ్డమైన ప్రశ్నలు

"ఆ తలుపు దగ్గర నిలబడ్డది మనిషా, మరమనిషా?" అని ఓవెన్ రెండో వరసలోంచి పైకే అడిగాడు.

గదిలో అందరికీ ఒకేసారి రక్తపోటు పెరిగింది.

దీవిలో ఉన్న లాన్సెస్టన్ ఊళ్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం, గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు వెనక గదిలో 'ఉప్పు నక్షత్రం' అభిమానులు చేరతారు. అదొక పాత సీరియల్. అందులో అంతరిక్ష నౌక ఒక అట్టపెట్టె. గ్రహాంతరవాసి కిరీటం మూకుడు మూత. అయినా ఒక ఎపిసోడ్ చూసి, టీ తాగి, చీకటిపడేదాకా దాని మీద కొట్టుకోకపోతే వాళ్లకి వారం గడవదు.

చూస్తున్నంతసేపూ నోరు విప్పకూడదన్నది ఒక్కటే నియమం. తుమ్ము వస్తే బయట గడ్డిలోకి పోయి తుమ్మి రావాలి.

"మరమనిషి," అన్నాడు ఫెర్గస్ పళ్లు నూరుతూ. "మోకాళ్లు వంగట్లేదు, కనబడట్లా? చేతిలో కెప్టెన్ హెల్మెట్టు. పగిలింది."

"పాపం, అందుకే పచ్చ గౌను పిల్ల ఏడుస్తోంది."

"ఏడవట్లేదయ్యా మహానుభావా, నవ్వుతోంది. వీపు వెనక కత్తి దాచుకుంది."

తప్పు చెబితే దిద్దకుండా ఊరుకోలేకపోవడం అభిమానుల పుట్టుజబ్బు. ఆ జబ్బుని మేపడానికే పుట్టినట్టు ఓవెన్ మూడు నెలలుగా తప్పులే చెబుతున్నాడు. ఆపిల్ కోతలకని ఊళ్లోకి వచ్చినవాడు. కోతలు ఎప్పుడో అయిపోయాయి. ఇంకా ఎందుకున్నాడో ఎవరికీ తెలియదు.

టీ వేళకి ఫెర్గస్, అభిమానుల క్లబ్బు నడిపే నరెల్‌ని పక్కకి లాగాడు.

"వాడైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

నరెల్‌కి పాత చీలిక గుర్తొచ్చింది. మరమనిషి ఆడా మగా అన్న గొడవలో ఇదివరకే సగంమంది విడిపోయారు. వాళ్లు ఇప్పటికీ వీళ్లు వెళ్లే బేకరీలో రొట్టె కొనరు. ఇంకోసారి చీలితే క్లబ్బే ఉండదు. క్లబ్బు లేకపోతే ఎనిడ్ ఏమైపోతుంది?

ఎనిడ్ ఈ క్లబ్బు పెట్టిన మనిషి. ఎనభై దాటాయి. ముందు వరసలో నిటారుగా కూర్చుంటుంది. చర్చలో ఆవిడ ఒక్క మాట అంటే ఫెర్గస్ కూడా నోట్లో కేకు కుక్కుకుని ఊరుకుంటాడు. వారమంతా ఆదివారం కోసమే బతుకుతున్నానని ఆవిడే అంటుంది.

నరెల్ బయటికెళ్లి, ఓవెన్‌ని వాడి పాత ట్రక్కు దగ్గర పట్టుకుంది.

"నిన్ను మానెయ్యమంటున్నారు ఓవెన్."

"నా ప్రశ్నల గురించా?"

"అవి ప్రశ్నలా? పోయినవారం సూర్యుణ్ని పట్టుకుని ఆమ్లెట్టా అన్నావు."

"అలాగే ఉంది మరి."

"ఒక్క గంట నోరు మూసుకుని చూడలేవా?"

ఓవెన్ ట్రక్కు తలుపు మీద చెయ్యి వేశాడు. "మూసుకునేట్టయితే నేను రావడమెందుకమ్మా?"

"అయితే రాకు."

"ఎనిడ్ గారిని అడిగారా?"

"ఆవిడ కోసమే కదా నా తంటాలు."

ఓవెన్ తలూపాడు. "సరే. ఇక మీరు చూసుకోండి," అని ట్రక్కెక్కాడు.

ఆ వారంలోనే గది ఖాళీ చేసి ఓడెక్కి ఎటో పోయాడని తెలిసింది. ఫెర్గస్ ఆ సంతోషంలో పళ్లెం నిండా కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకులు తెచ్చాడు.

మళ్లీ ఆదివారం గదిలో చీమ నడిస్తే వినబడేంత నిశ్శబ్దం. ఎపిసోడ్ చివరి ఘట్టంలో ఒక్క మాట లేదు, గాలి హోరు తప్ప. కెప్టెన్ ఒంటరిగా ఉప్పుమైదానంలోకి నడిచి, ముసుగు తీసేసి, అక్కడే ఒరిగిపోయాడు. ఫెర్గస్ కళ్లు తుడుచుకుని, జలుబన్నాడు.

దీపాలు వెలిగాయి.

"మొదలుపెట్టండి ఎనిడ్ గారూ," అంది నరెల్.

ఎనిడ్ తడుముకుంది. "చూద్దాం. కెప్టెన్ తిరిగొచ్చి ఏం చేస్తాడో."

ఫెర్గస్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"కెప్టెన్ చచ్చిపోయాడు కదండీ," అన్నాడు మెల్లిగా. "ఇప్పుడే. మన కళ్లముందే."

"అలాగా," అంది ఎనిడ్.

నరెల్ వచ్చి ఆవిడ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఎనిడ్ చూపు నరెల్ తల మీదుగా గోడకేసే ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎండాకాలం నుంచి. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే."

"మాకు చెప్పచ్చు కదా."

"చెబితే పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాళ్లు. గుడ్డిదాన్నని నాతో ఒక్కడూ పోట్లాడేవాడు కాదు. ఏరా ఫెర్గస్, పోట్లాడేవాడివా?"



"ఓవెన్‌కి ఒక్కడికే చెప్పారా?" అంది నరెల్.

"నేనెవరికీ చెప్పలేదు పిల్లా. అతను కొత్తగా వచ్చిన రోజు, ఎవరో అనుకుని, ఆ మూల కోట్లు తగిలించే స్టాండుకి నా మోకాలినొప్పి సంగతంతా చెప్పుకున్నాను. వెనకనుంచి ఓ గొంతు, స్టాండు తరఫున, 'తగ్గిపోతుందిలెండి' అంది. కాసేపటికి బొమ్మ మొదలైతే, అదే గొంతు నా వెనక కుర్చీలోంచి, ఎర్రకోటువాడు ఎవడని అడిగింది."