మూసేసిన నంబరు

ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి రికార్డుల గదిలో ఒక మనిషి చనిపోయినట్టు నమోదైంది.

పదీ ఇరవైకి ఆ మనిషే కౌంటర్ దగ్గరికి వచ్చాడు. యాభై దాటినవాడు.

"పైకెళ్లే గేటు దగ్గర మిషను నా కార్డు తీసుకోవట్లేదు బాబూ. ఇక్కడ అడగమన్నారు."

ఆపరేటర్ నంబరు కొట్టాడు. తెర మీద ఒకే మాట వచ్చింది: మృతుడు.

"మీరు పోయారు కదండీ!"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"పోయింది మా అన్న. పోయినేడు. మేం కవలలం."

ఒకే మనిషికి రెండు నంబర్లుంటే ఒకటి మూసేయాలి. ఆ వారం ఆపరేటర్‌కి అప్పగించిన పని అదే. ఇంటిపేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, చిరునామా కలిస్తే ఒకే మనిషి కింద లెక్క. ఈ అన్నదమ్ముల నంబర్లు రెండిటిలో అన్నీ కలిశాయి. అసలు పేరుకు మొదటి అక్షరమే ఉంది, అదీ కలిసింది. తమ్ముడి నంబరు మూసేసి, పోయిన అన్న నంబరులో కలిపేశాడు.

"కొత్త నంబరు ఇచ్చేయండి."

"సిస్టమ్ ఒప్పుకోదు. ఈ వివరాలతో ఒక మనిషి ఉన్నాడంటుంది."

"ఉన్నాడంటుందా, పోయాడంటుందా?"

"ఉండి పోయాడంటుంది."

ఆయన ఈసారి నవ్వలేదు.

"పదకొండులోపు నేను పైన ఉండాలి బాబూ. మూడో అంతస్తులో ఒకమ్మాయి ఉంది."

"చూడ్డానికైతే సాయంత్రం నాలుగుకి రండి."

"చూడ్డానికి కాదు."

"మీకేమవుతుంది?"

"ఏమీ కాదు. మొహం కూడా తెలీదు."

"మొహం తెలీని మనిషి కోసం ఇంత కంగారేంటి బాబాయ్?"

"నా నంబరు తెరిస్తే మీకే కనబడుతుంది."

"తెరవాలంటే మా సూపర్‌వైజర్ సంతకం కావాలి. మీటింగులో ఉన్నారు. టోకెన్ తీసుకుని బయట కూర్చోండి."

ఆయన మళ్లీ గేటు దాకా వెళ్లాడు.

"నంబరు లేకపోతే మా డాక్టరుగారినే ఆపుతాను. మీరెంత?" అన్నాడు గార్డు.

ఆయన తిరిగి వచ్చాడు.

పదకొండూ నలభైకి మూడో అంతస్తు నర్సు మెట్లు దిగి వచ్చింది.

"అన్నా, పొద్దున తొమ్మిదికి జాబితాలో ఒకాయన్ని చూసి ఫోన్ చేశాను. మళ్లీ చేద్దామంటే ఆ పేరే లేదు. మీకు చేస్తే గంట నుంచీ ఎంగేజ్."

"ఇప్పుడు వెతకనా?"

"ఇప్పుడెందుకులే. ఆ పిల్ల పోయింది. కాన్పైన దగ్గర్నుంచీ రక్తం ఆగలేదు. బిడ్డ బాగానే ఉంది."

"రక్తం ఎక్కించలేదా?"

"ఆ గ్రూపు రక్తం మన దాతల జాబితాలో ఇద్దరికే ఉండేది. అన్నదమ్ములు. ఒకాయన పోయినేడు పోయారు. రెండో ఆయన బయల్దేరానన్నారు, రాలేదు."

ఆపరేటర్ తలుపు వైపు చూశాడు.

బయట బెంచీ మీద ఆయన అరవై ఒకటో టోకెన్ పట్టుకుని, చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి కూర్చుని ఉన్నాడు.